చోంగ్‌చింగ్: కొండలెక్కే రైళ్ళ ఊరు

చైనాలోని చోంగ్‌చింగ్‌లో బస చూసుకునేటప్పుడు మ్యాప్‌లో కనిపించే దూరాన్ని నమ్ముకోవద్దు. "మెట్రో స్టేషన్ పక్కనే" అని హోటల్ వాళ్ళు రాసింది అబద్ధం కాదు. స్టేషన్ పక్కనే ఉంటుంది, కానీ పది అంతస్తుల పైనో కిందో ఉంటుంది. మేం మొదట దిగిన హోటల్ అలాంటిదే. గది శుభ్రం, పరుపు మెత్తన, కిటికీలోంచి నది కనిపిస్తుంది. బయటికి రావాలంటే మాత్రం సందులో రాతి మెట్లు తప్ప వేరే దారి లేదు. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ మొదటి సాయంత్రమే మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. మెట్ల సంగతి ప్రకటనలో ఒక్క ముక్కైనా రాసి ఉండాల్సింది. ఆ తర్వాత జియాలింగ్ నదికి ఉత్తరాన ఉన్న గువాన్‌యిన్‌చియావ్‌కి మారిపోయాం. అక్కడ వీధులు కాస్త చదునుగా ఉంటాయి, తినడానికి బోలెడన్ని కొట్లున్నాయి, మెట్రో మూడో లైను స్టేషన్ ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది అక్కడే దిగమని. కుర్రవాళ్ళయితే ఊరి నడిబొడ్డు జియేఫాంగ్‌బేలో ఉండొచ్చు. దీపాల వెలుగు, రద్దీ, నది ఒడ్డు అన్నీ దగ్గర. అద్దెలు మాత్రం ఎక్కువ.

బుక్ చేసేముందు హోటల్‌ని రెండు సంగతులు అడగండి. స్టేషన్‌లో ఏ నంబరు ద్వారం నుంచి రావాలి, ఆ దారిలో మెట్లున్నాయా? విదేశీ పాస్‌పోర్టు మీద గది ఇస్తారా? రెండోది చిన్న లాడ్జీల దగ్గర ఇంకా అడగాల్సిన ప్రశ్నే. ఫోన్‌లో అనువాదం యాప్ ఉంటే చాలు, ఓపిగ్గా జవాబిస్తారు.

యాంగ్జీ, జియాలింగ్ నదులు కలిసేచోట, కొండల మీద, కొండల వాలుల్లో, కొండల మధ్య లోయల్లో కట్టుకున్న ఊరిది. 1997లో దీన్ని సిచువాన్ రాష్ట్రం నుంచి విడదీసి నేరుగా కేంద్రం కింద ఉండే నగరం చేశారు. అంతకు ముందు జపాన్‌తో యుద్ధం జరిగినన్నాళ్ళూ చైనాకు తాత్కాలిక రాజధాని ఇదే. బాంబులకు దాక్కోవడానికి తవ్విన సొరంగాల్లో కొన్ని ఇప్పుడు భోజనశాలలయ్యాయి. ఇలాంటి నేల మీద రైలు ఎలా నడిపారన్నది చూడటానికే నేను పట్టుబట్టి ఇక్కడికి వచ్చాను. చూశాక అనిపించింది, ఈ ఊరికి వచ్చి టాక్సీల్లో తిరిగితే ఊరు సగమే చూసినట్టని.

ముందు రెండో లైను. 2005లో మొదలైంది, చైనా ప్రధాన భూభాగంలో మొదటి మోనోరైలు. జపాన్ ప్రభుత్వ రుణంతో, హిటాచీ కంపెనీ పరిజ్ఞానంతో కట్టారు. మన దేశంలో మోనోరైలు అంటే 2014లో వచ్చిన ముంబయిది ఒక్కటే, అదీ జనం పెద్దగా ఎక్కనిది. అందుకే మనకు మోనోరైలంటే ఏదో బొమ్మ రైలన్న భావం. ఇక్కడ అది ఊరి ప్రాణం. రెండు పట్టాల బదులు ఒక సన్నటి కాంక్రీటు దూలం ఉంటుంది, రైలు దాని మీద కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చున్నట్టు నడుస్తుంది. చక్రాలు రబ్బరువి కాబట్టి ఉక్కు చక్రం జారిపోయే ఎత్తుల్ని కూడా పట్టుకుని ఎక్కగలదు, ఇరుకు మలుపుల్లో తిరగగలదు. నదికీ కొండకీ మధ్య రోడ్డు తప్ప ఇంకేదీ పట్టని చోట ఒక వరస స్తంభాలు నిలబెడితే సరిపోతుంది. రైలు చప్పుడూ తక్కువే. ఇళ్ళ కిటికీల పక్కనుంచి పోయే రైలుకి ఇది చిన్న విషయం కాదు.

ఈ లైను ఎక్కేవాళ్ళు జియేఫాంగ్‌బే దగ్గరి లిన్‌జియాంగ్‌మెన్‌లో ఎక్కి యూదోంగ్ వైపు వెళ్ళండి. కుడి చేతి వైపు నిలబడండి. మొదట సొరంగమే, ఏమీ కనిపించదు. హువాంగ్‌హువాయువాన్ దగ్గర ఒక్కసారిగా వెలుగులోకి వచ్చేసరికి కింద జియాలింగ్ నది, అవతలి ఒడ్డున ఆకాశాన్నంటే మేడలు. అక్కడి నుంచి చాలాసేపు నది మీదికి వాలినట్టే సాగుతుంది. మొదటి పెట్టెలో డ్రైవరు వెనకున్న అద్దం దగ్గర చోటు దొరికితే వదులుకోవద్దు, ముందున్న దూలం పాములా మెలికలు తిరుగుతూ పైకి పోవడం కనిపిస్తుంది. తెల్లవారగానే ఎక్కితే ఆ చోటు దొరుకుతుంది. పది దాటాక పిల్లలూ కెమెరాలూ కమ్మేస్తారు.

అలా వెళ్తూ వెళ్తూ రైలు ఒక మేడలో దూరిపోతుంది. అదే లీజిబా స్టేషన్. పంతొమ్మిది అంతస్తుల భవనంలో ఆరు నుంచి ఎనిమిదో అంతస్తు దాకా స్టేషన్, దాని పైన కాపురాలు. ముందు మేడ కట్టి, తర్వాత కన్నం పెట్టి రైలు దూర్చారని వీడియోల్లో చెప్తుంటారు. అది తప్పు. రైలు దారినీ మేడనీ కలిపే గీశారు, కలిపే కట్టారు. రైలు దూలాన్ని మోసే స్తంభాలు వేరు, మేడను మోసే స్తంభాలు వేరు. రైలు అదురు గోడలకు తగలకుండా మధ్యలో ఖాళీ వదిలారు. నాకైతే కింద నిలబడి ఫొటో తీసుకోవడంకన్నా, ఈ సంగతి తెలుసుకుని లోపల ప్లాట్‌ఫాం మీద నిలబడి, రైలు వచ్చినప్పుడు కాళ్ళ కింద ఎంత తక్కువ కదలిక ఉందో గమనించడమే ఎక్కువ ఆనందం కలిగించింది. ఇంజనీర్లకు దండం పెట్టాలనిపించింది.

ఫొటోల కోసం ఎదురుగా నది ఒడ్డు రోడ్డు మీద విశాలమైన చప్టా కట్టారు, టిక్కెట్టు లేదు. వందలమంది నోళ్ళు తెరిచి రైలును మింగుతున్నట్టు ఫొటోలు దిగుతుంటారు. కొన్ని నిమిషాలకో రైలు వస్తుంది, కంగారు పడక్కర్లేదు. పైన మనుషులు కాపురముంటున్నారు కాబట్టి అరుపులు లేకుండా చూసి రావడం మర్యాద.

లీజిబా దాటాక ఫోతుగ్వాన్ దాకా రైలు కొండ నడుముకు కరుచుకుని పైకెక్కుతుంది. వసంతం మొదట్లో ఆ వాలంతా పూలతో నిండిపోతుంది. ఆ నాలుగు రోజుల కోసం చైనా నలుమూలల నుంచీ వస్తారు. పూలు లేని కాలంలో వెళ్ళినా ఈ ఎక్కడం ఒక్కటి చాలు. అమ్మ అద్దానికి ముఖం ఆనించి, "ఏమే, మనం పైకెళ్తున్నామా, ఊరే కిందికి దిగిపోతోందా?" అంది.

మూడో లైనూ మోనోరైలే, 2011లో వచ్చింది. శాఖా మార్గంతో కలిపి అరవై కిలోమీటర్లు దాటుతుంది, ప్రపంచంలోని అతి పొడవైన మోనోరైలు మార్గాల్లో ఒకటి. లియాంగ్‌లూకోవ్, తోంగ్‌యువాన్‌జూల మధ్య యాంగ్జీనీ, నియూజియావోతువో, హువాషిన్‌జియేల మధ్య జియాలింగ్‌నీ దాటుతుంది. ఒకే రైల్లో రెండు మహానదులు. కానీ ఉదయం, సాయంత్రం ఆఫీసు వేళల్లో దీని జోలికి వెళ్ళకండి. ఊరు ఉత్తర దక్షిణాలుగా పెరిగిపోయింది, మోనోరైలు పెట్టెలు చిన్నవి, జనం ఊపిరాడనంత. తర్వాత వేసిన లైన్లకు మామూలు ఉక్కు పట్టాల మెట్రోనే ఎంచుకోవడం సబబే అనిపించింది. విమానాశ్రయం నుంచి సామానుతో వచ్చేవాళ్ళు మూడో లైను బదులు పదో లైను పట్టుకోవడం మేలు. పెట్టెలు వెడల్పు, వేగం ఎక్కువ, రెండో టెర్మినల్‌కీ మూడో టెర్మినల్‌కీ స్టేషన్లున్నాయి. ఇప్పుడది నది దాటి జియేఫాంగ్‌బే దగ్గరి చీషింగ్‌గాంగ్ మీదుగా పోతోంది.

ఆ పదో లైనులోనే హోంగ్‌తూది ఉంది. ప్లాట్‌ఫాం నేలకు 94 మీటర్ల లోతున. ఇంత లోతు ఎందుకంటే, రైలు ఒక హద్దు దాటి ఎక్కలేదు, దిగలేదు. పైన కొండ ఎంత లేచినా లోపల పట్టాలు దాదాపు ఒకే ఎత్తులో పోవాలి. అందుకే నది దగ్గర వంతెన మీద పోయిన రైలే తర్వాత పాతాళంలో ఆగుతుంది. 2022లో మొదలైన తొమ్మిదో లైనులో హోంగ్‌యాన్‌త్సున్ స్టేషన్ ఇంకా లోతు, 116 మీటర్లు, దాదాపు నలభై అంతస్తుల మేడంత. ఎస్కలేటర్ మీద ఎస్కలేటర్, మలుపు, మళ్ళీ ఎస్కలేటర్. కళ్ళు తిరిగేవాళ్ళు పక్క రెయిలింగు పట్టుకుని, పైకి కాకుండా ముందున్న మెట్టు చూస్తూ నిలబడితే తేలిక. లోతు చూడాలన్న సరదా తీరడానికి ఈ రెండింట్లో ఒకటి చాలు. హోంగ్‌యాన్‌త్సున్ దగ్గర యుద్ధకాలంలో కమ్యూనిస్టు పార్టీ కార్యాలయం నడిచిన ఇల్లు, మ్యూజియం ఉన్నాయి కాబట్టి నేను దానికే ఓటేస్తాను.

లిఫ్టుల సంగతి. స్టేషన్లలో ఉన్నాయి, కానీ అన్ని ద్వారాల దగ్గరా ఉండవు. ముందే గేటు దగ్గర సిబ్బందికి మోకాలు చూపించి లిఫ్టు బొమ్మ చూపిస్తే చాలు, చాలాచోట్ల వాళ్ళే వెంట వచ్చి చూపించారు. ఇంగ్లీషు రాకపోయినా వాళ్ళ ఓపిక గొప్పది. రైల్లో అమ్మను చూసి లేచి చోటివ్వని కుర్రవాళ్ళు మాకు కనబడలేదు. ప్రతి స్టేషన్‌లో సంచులు స్కానర్‌లో పెట్టాలి, మంచినీళ్ళ సీసా కూడా చూస్తారు. స్టేషన్ పేర్లు ఇంగ్లీషులోనూ ఉంటాయి. ద్వారాల నంబర్లు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. ఒకే స్టేషన్‌లో ఒక ద్వారం కొండపైన, ఇంకోటి కొండకింద తేలుతుంది. తప్పు ద్వారంలో బయటపడితే అలిపిరి మెట్లే. టిక్కెట్టు 2 యువాన్ల నుంచి మొదలు, అంటే మన డబ్బుల్లో దాదాపు పాతిక రూపాయలు. అలీపే అనే చెల్లింపుల యాప్‌లో మన వీసా, మాస్టర్ కార్డు జోడించుకుని క్యూఆర్ కోడ్ చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. ఈ పని ఇంటి దగ్గరే చేసుకుని బయల్దేరండి.

యాంగ్జీ మీద 1987 నుంచి నడుస్తున్న రోప్‌వే గురించి అందరూ చెప్తారు. వెయ్యి మీటర్ల పైచిలుకు పొడవు, ఒకవైపు టిక్కెట్టు 20 యువాన్లు. బాగుంటుంది, కాదనను. కానీ సెలవు రోజుల్లో క్యూ చూస్తే గుండె జారిపోతుంది, లోపల నిలబడి పక్కవాళ్ళ భుజాల సందుల్లోంచి నదిని చూడాలి. దాని అవతలి కొస షాంగ్‌షిన్‌జియే దగ్గర, అక్కడే ఆరో లైను స్టేషన్ ఉంది. ఆ ఆరో లైను నదికి ఇవతల, ఊరి నడిబొడ్డున ఉన్న షియావోషిజీ స్టేషన్ దగ్గర భూమి లోపల ఉంటుంది. అటు ఒక వంతెన, ఇటు ఒక వంతెన. దోంగ్‌షుయిమెన్ వంతెన కింది అంతస్తులో యాంగ్జీనీ, చియన్‌సిమెన్ వంతెన కింది అంతస్తులో జియాలింగ్‌నీ దాటుతుంది. పొద్దుగూకాక షియావోషిజీ నుంచి చియన్‌సిమెన్ మీదుగా ఒక్క స్టేషన్ వెళ్ళండి. ఎడమవైపు కిటికీలోంచి, నది ఒడ్డు కొండవాలున అంతస్తులుగా కట్టిన హోంగ్‌యాదోంగ్ మేడ బంగారు దీపాల మాలలా కనిపిస్తుంది. రోప్‌వే ఒకవైపు, తిరుగు ప్రయాణం ఆరో లైను, ఇదే నా సలహా. రెంటిలో ఒకటే ఎంచుకోమంటే రైలే.

హోంగ్‌యాదోంగ్ దగ్గర మెట్లెక్కి ఆయాసపడకండి. నది ఒడ్డు రోడ్డున ఒకటో అంతస్తులో దూరి లోపలి లిఫ్టెక్కితే పదకొండో అంతస్తులో దిగుతారు, అది పైనున్న ఇంకో వీధి. రాత్రి లిఫ్టు క్యూలు పెద్దవి, దీపాలు వెలిగించకముందే వెళ్ళి పైన చోటు చూసుకోవాలి. త్సీచీకోవ్ పాత ఊరికి ఒకటో లైనులో వెళ్ళొచ్చు. పొద్దున్నే అయితేనే వెళ్ళండి, తర్వాత జనసముద్రం.

తిండి విషయం దాచకుండా చెప్పాలి. ఇక్కడి హాట్‌పాట్ అంటే బల్ల మీద మరిగే పులుసులో ముక్కలు ఉడికించుకుని తినడం, ఆ పులుసులో ప్రధానంగా ఉండేది గొడ్డు కొవ్వు. మామూలుగా అమ్మే నూడుల్స్‌లో పంది కొవ్వు పడుతుంది. కూరగాయలే వేశారని చూసి తినేయకండి. శాకాహారులు జియేఫాంగ్‌బే దగ్గరి లువోహాన్ బౌద్ధ గుడి చుట్టుపక్కల వెతుక్కోవాలి, లేదా మనలా రైస్ కుక్కర్ పట్టుకెళ్ళాలి. కారం మనకు లెక్క కాదు గానీ, వాళ్ళు వేసే ఒకరకం మిరియం నాలుకను తిమ్మిరెక్కిస్తుంది. మొదటిసారి కొంచెమే వేయించుకోండి.

జూలై, ఆగస్టు నెలల్లో వెళ్ళొద్దు. నలభై డిగ్రీలు దాటే ఎండ, గాలాడని ఉక్కపోత. అక్టోబరు మొదటి వారం దేశమంతా సెలవులు, లీజిబా చప్టా మీద కాలు పెట్టే చోటుండదు. మార్చి, ఏప్రిల్, లేదా అక్టోబరు నెలాఖరు నుంచి నవంబరు దాకా మంచిది. పొగమంచు ఉంటే నది కనిపించదు. అలాంటి రోజున లోతైన స్టేషన్లు, మ్యూజియాలు పెట్టుకుని, ఎండ వచ్చిన రోజుకి రెండో లైనునీ ఆరో లైనునీ అట్టిపెట్టుకోండి. రాత్రి పదిన్నర, పదకొండు మధ్య చాలా లైన్లలో ఆఖరి రైలు పోతుంది. ఒక్కో స్టేషన్‌కి ఒక్కో వేళ, గేటు దగ్గర బోర్డు మీద ఉంటుంది. దీపాలు చూస్తూ కూర్చునేముందు అది ఫొటో తీసి పెట్టుకోండి.