ఫ్రీబీఎస్‌డీయా, ఓపెన్‌బీఎస్‌డీయా: అప్‌గ్రేడ్ అయ్యాక ఎవరితో తలనొప్పి తక్కువ?

అప్‌గ్రేడ్ కమాండ్ ఎవరైనా కొడతారు, అసలు సినిమా మొదలయ్యేది రీబూట్ తర్వాతే. ఈ రెండూ లైనక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు, నా దగ్గర రెండూ ఉన్నాయి. ఖమ్మంలో అమ్మావాళ్ల ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద ఫ్రీబీఎస్‌డీ, ఇంటి ఫొటోలు బ్యాకప్‌లు అన్నీ దాంట్లోనే, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద. ఇక్కడ హైదరాబాద్‌లో నా రూమ్‌లో చిన్న డబ్బా మీద ఓపెన్‌బీఎస్‌డీ, ఫైర్‌వాల్ పనికి.

పని తక్కువ అంటే ఓపెన్‌బీఎస్‌డీనే, అందులో వాదనే లేదు. సిస్‌అప్‌గ్రేడ్ అని కొడితే ఫైళ్లు దించుకుని, సంతకాలు సరిచూసుకుని, దానంతటదే రీబూట్ అయ్యి, అప్‌గ్రేడ్ చేసుకుని మళ్లీ లేస్తుంది. లేచాక ఫర్మ్‌వేర్ కూడా అదే చూసుకుంటుంది, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్లలో పాతా కొత్తా సిస్‌మెర్జ్ కలుపుతుంది, అది తేల్చుకోలేనివి ఉంటే రూట్ (అడ్మిన్) ఖాతాకి వచ్చే మెయిల్‌లో చెప్తుంది, మనం సిస్‌మెర్జ్ ఇంకోసారి నడిపి తేల్చుకోవాలి. తర్వాత పాకేజీల అప్‌డేట్, ఆ వెర్షన్ అప్‌గ్రేడ్ గైడ్‌లో తీసెయ్యమన్న పాత ఫైళ్లు తీసెయ్యడం, అంతే, టీ చల్లారేలోపు అయిపోతుంది. ఒక్క చోట మాత్రం దెబ్బ తిన్నా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పిసినారితనంతో సిస్టమ్ ఫైళ్లుండే యూఎస్‌ఆర్ పార్టిషన్ చిన్నది పెట్టా, పాత లైబ్రరీలు (ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే ఫైళ్లు) పేరుకుపోయి అప్‌గ్రేడ్ మధ్యలో డిస్క్ నిండిపోయింది, సిస్టమ్ సగం కొత్తది సగం పాతది. వెనక్కి వెళ్లే దారి లేదు, ఇంకో పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోవాల్సిందే. అందుకే ముందు డీఎఫ్ కొట్టి ఖాళీ చూసుకోండి.

ఫ్రీబీఎస్‌డీ సంగతి వేరు. ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ ఇన్‌స్టాల్ అని ఒకసారి కొడితే కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ), రీబూట్, మళ్లీ కొడితే మిగతా సిస్టమ్, తర్వాత పాకేజీలన్నీ కొత్త వెర్షన్‌వి వేసుకుని, అప్పుడు మూడోసారి కొడితే పాత లైబ్రరీలు పోతాయి. చాలామంది పాకేజీలు మర్చిపోయి నేరుగా మూడోసారి కొట్టేస్తారు, అప్పటిదాకా నడిచిన ప్రోగ్రాములు లైబ్రరీ దొరక్క మొరాయిస్తాయి. మధ్యలో కాన్ఫిగ్ ఫైళ్ల ప్రశ్నలు ఇంకో గోల. 13 నుంచి 14.0కి పోయేటప్పుడు చూడాలి, ఫైళ్ల పైన ఉండే ఒక వెర్షన్ గుర్తు లైన్ 14లో తీసేశారు, దానికోసం ఫైలు తర్వాత ఫైలు చూపించి ఇది బాగానే ఉందా అని అడుగుతుంటే వై వై వై అని నొక్కుతూ పోయా. అందులో దూరం నుంచి మెషిన్‌లోకి లాగిన్ అవ్వడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ కూడా ఉంది. అది కలవలేదు, ఎడిటర్ తెరుచుకుంది, నేను చూడకుండా సేవ్ కొట్టి బయటికొచ్చా, లోపల కలవని చోటిని చూపే లెస్‌దాన్ గుర్తులు వరసగా ఏడు అలాగే మిగిలిపోయాయి. రీబూట్ చేశా. ఎస్‌ఎస్‌హెచ్ లేవలేదు.

మెషిన్ ఖమ్మంలో, నేను హైదరాబాద్‌లో, టైమ్ రాత్రి పదిన్నర. నాన్నకి ఫోన్ చేసి, నాన్నా టీవీకి ఉన్న హెచ్‌డీఎంఐ వైరు తీసి దీనికి పెట్టు అంటే, సీరియల్ అయిపోనీరా అన్నాడు. అయ్యాక పెట్టాడు. మెనూ రాగానే బూట్ ఎన్విరాన్‌మెంట్స్ (జెడ్‌ఎఫ్‌ఎస్ మీద దాచుకునే సిస్టమ్ కాపీలు) అనే లైన్‌కి వెళ్లి పాతది ఎంచుకుని ఎంటర్ కొట్టమన్నా, ఐదు నిమిషాల్లో మెషిన్ అప్‌గ్రేడ్‌కి ముందున్నట్టే లేచింది. కంప్యూటర్ అంటే రైల్వే టికెట్లు బుక్ చేసుకునేదే అనుకునే మనిషి చేతులమీదుగా సర్వర్ బతికిందండి! ఓపెన్‌బీఎస్‌డీలో ఇలాంటిది లేదు.

ఒక జాగ్రత్త, ఆ వెనక్కి వెళ్లే దారి మనమే మూసేసుకోవచ్చు. అప్‌గ్రేడ్ అయ్యాక పూల్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్ డిస్కుల నిల్వలో) కొత్త ఫీచర్లు ఉన్నాయి, జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ చేసుకోండి అని ఊరిస్తుంది. చేస్తే పాత కెర్నల్‌కి ఆ పూల్ అర్థం కాకపోవచ్చు, బూట్‌లోడర్ (మెషిన్‌ని లేపే చిన్న ప్రోగ్రాం) పాతదైతే బూటే కాకపోవచ్చు. నేను రెండు నెలలు ఆగుతా, బూట్‌లోడర్ మార్చాకే దాని జోలికి పోతా. డెస్క్‌టాప్‌గా వాడేవాళ్లకి గ్రాఫిక్స్ డ్రైవర్ ఇంకో గండం, డీఆర్‌ఎం-కేమాడ్ అనే ఆ డ్రైవర్ పాకేజీ పాత కెర్నల్‌కి కట్టినదైతే నల్ల స్క్రీనే, 14.2 నుంచి ఇలాంటి కెర్నల్ మాడ్యూల్స్‌కి వేరే రిపో (పాకేజీల గోదాం) పెట్టారు కాబట్టి కాస్త నయం.

ఇక ఎన్నిసార్లు చెయ్యాలన్నది. ఓపెన్‌బీఎస్‌డీ ఆరునెలలకోటి, సపోర్ట్ కొత్తదానికీ దాని ముందుదానికీ మాత్రమే, పైగా ఒక్కో మెట్టే ఎక్కాలి, రెండేళ్లు బద్ధకిస్తే నాలుగుసార్లు వరసగా. ఫ్రీబీఎస్‌డీ 14 బ్రాంచ్‌కి 2028 నవంబర్ దాకా సపోర్ట్ ఉంది, మధ్యలో 14.1, 14.2 లాంటి చిన్న అడుగులు వెయ్యాల్సిందే అనుకోండి, అవి అంత బాధపెట్టవు.

మెషిన్ మీ పక్కనే ఉండి, అందులో పోగొట్టుకునేదేమీ లేకపోతే ఓపెన్‌బీఎస్‌డీ, కళ్లు మూసుకుని. డేటా ఉన్నా, మెషిన్ దూరంగా ఉన్నా నేనైతే ఫ్రీబీఎస్‌డీనే అంటా, మూడుసార్లు కొట్టే ఆ కమాండ్‌ని తిట్టుకుంటూనే. ఖమ్మం డబ్బాకి ఇప్పుడు హెచ్‌డీఎంఐ వైరు వేరేది కొని పెట్టేశా, రీబూట్‌కి ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ కొట్టి కాన్ఫిగ్ చూసుకుంటున్నా, సీరియల్ టైమ్‌లో అప్‌గ్రేడ్ చెయ్యట్లేదు.