సగం ధరకు ‘కంపెనీ’ క్రాంక్ సెన్సర్ కొంటున్నారా? పాతదాన్ని మాత్రం పారేయకండి

కారుకు ఇంట్లోనే చిన్నాచితకా పనులు చేసుకునేవారికి ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో కంపెనీ డబ్బా ఫొటో పెట్టి, షోరూము ధరలో సగానికే క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ అమ్ముతున్న ఒకరి దగ్గర కొన్నాను. వచ్చింది నకిలీ. నకిలీ రావడం ఒక ఎత్తు, బండి స్టార్ట్ కాకపోతే ఆ నేరాన్ని నా చేతిపని మీదకు నెట్టిన తీరు మరో ఎత్తు. రాయాలనిపించింది ఆ రెండోదాని గురించే.

మాది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఎండలు ముదిరాక ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కగానే ఆగిపోవడం, కాసేపు చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ కావడం మొదలైంది. వయసైపోయిన క్రాంక్ సెన్సర్ సాధారణంగా ఇలాగే సతాయిస్తుంది. లోపలి సన్నని తీగచుట్ట వేడికి సాగి ఎక్కడో తెగుతుంది, చల్లబడితే మళ్లీ కలుస్తుంది. బండిలోని కంప్యూటర్‌కు తగిలించి లోపాలు చదివే స్కానర్‌లో, ఈ సెన్సర్ సర్క్యూట్‌లో లోపముందని చెప్పే పి0335 కోడ్ కూడా పడింది కాబట్టి అనుమానం లేదు. ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో, పిస్టన్ ఏ స్థానంలో ఉందో బండిలోని కంప్యూటర్‌కు చెప్పేది ఈ సెన్సరే. మా బండి లాంటి వాటిలో దాని సంకేతం అందకపోతే ప్లగ్గులకు కరెంటు వెళ్లదు, ఇంజెక్టర్లు తెరుచుకోవు. మార్చడం మాత్రం చాలా సులువు: ఒక బోల్టు, ఒక కనెక్టర్, అంతే.

కొత్తది బిగించి తాళం తిప్పాను. సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు.

ఇంట్లో పని చేశాక బండి మొండికేస్తే ముందుగా చెయ్యి పెట్టిన చోటే వెతకాలి. పనికి ముందు విప్పిన బ్యాటరీ టెర్మినల్ మళ్లీ బిగుసుకుందా అని చూశాను. మీటరు పెడితే 12.6 వోల్టులు ఉంది, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు కూడా 10 కంటే దిగలేదు. బాడీకి వచ్చే ఎర్త్ తీగ గట్టిగానే ఉంది. ఫ్యూజులన్నీ బాగున్నాయి. తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద ఇంధన పంపు రెండు సెకన్లు గుర్రుమని ఆగింది, అంటే పంపుకు కరెంటు అందుతోంది. డ్యాష్‌బోర్డు మీద ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో బండి స్టార్ట్ కాకుండా ఆపేది) దీపం ఆరిపోతోంది కాబట్టి తాళంతో పేచీ లేదు. కనెక్టర్ టక్కున శబ్దం చేస్తూ కూర్చుంది, పిన్నులు వంగలేదు. (ఇవన్నీ చూసేటప్పుడు సెల్ఫ్‌ను ఏకబిగిన పది సెకన్లకు మించి తిప్పకండి. మధ్యలో కాస్త వ్యవధి ఇవ్వకపోతే బ్యాటరీ పడిపోయి అసలు లోపం మరుగున పడిపోతుంది.)

అప్పుడు స్కానర్ పెట్టి, సెల్ఫ్ కొడుతూ ఇంజన్ వేగం అంకె ఎంత చూపుతోందో చూశాను. సున్నా. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆ అంకె రెండు వందల చుట్టుపక్కల ఊగాలి. కళ్ల ముందు ఇంజన్ తిరుగుతుంటే కంప్యూటర్ మాత్రం అది ఆగి ఉందనే అనుకుంటోంది. కొత్తది విప్పి, తీసి పక్కన పెట్టిన పాతదే మళ్లీ బిగించాను. చల్లటి ఇంజన్ కదా, తాళం తిప్పగానే స్టార్ట్ అయింది. బోల్టు అదే, కనెక్టర్ అదే, బిగించిన చెయ్యీ అదే. ఇంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి అనుకున్నాను. కావాల్సి వచ్చింది.

ఫోను చేస్తే అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మొదటి ప్రశ్నే “సార్, మెకానిక్‌తో బిగించారా?” అని. లేదు, నేనే బిగించానన్నాను. “అదే సార్ సమస్య. బిగించడంలో తేడా వచ్చి ఉంటుంది. ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగించాక వాపసు తీసుకోము.” ఆ తరవాత నేనేం చెప్పినా అదే పాట. ఆ మొదటి ప్రశ్న మన బాగు కోరి అడిగింది కాదు, తప్పించుకునే దారి. మీరు ఇంట్లో పని చేసుకునే మనిషని తెలిసిన మరుక్షణం సరుకులోని లోపం మీ చేతిలోకి వచ్చి పడుతుంది. మెకానిక్ బిగించాడని చెబితే అతని బిల్లు అడుగుతారు. షెడ్డులో చేయించిన పనికి బిల్లు ఇచ్చేవారు మన ఊళ్లలో ఎంతమంది?

తరవాత షోరూము విడిభాగాల కౌంటర్‌లో ఛాసిస్ నంబరు చెప్పి అసలు సెన్సర్ తెచ్చుకున్నాను. దాంతో ఇబ్బంది తీరిపోయింది. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెడితే గానీ మోసం ఎంత పకడ్బందీగా ఉందో తెలియలేదు. రంగు ఒకటే, ఆకారం ఒకటే. అసలుదాని మీద పార్టు నంబరు ప్లాస్టిక్‌లోకి చెక్కినట్టుంది, గోటితో గీకినా పోదు. నకిలీ మీద అది సిరా అచ్చు. చెమట బొటనవేలితో రెండుసార్లు రుద్దితే చివరి రెండు అంకెలు మాయమయ్యాయి. అసలుదానికి రబ్బరు రింగు మెత్తగా, నూనె తడితో ఉంటే, దీనికి చెప్పు అడుగులా గట్టిగా ఉంది. అన్నిటికంటే ముఖ్యం దాని ముక్కు. ఇంజన్‌తో పాటు తిరిగే పళ్ల చక్రానికి ఎదురుగా నిలబడే ఆ కొన పొట్టిగా ఉంది. చూస్తే తెలియదు. రెండింటినీ చదునైన గాజు మీద నిలబెట్టి స్కేలు ఆనిస్తే తేడా బయటపడింది. ఈ రకం సెన్సర్‌కు, చక్రానికి మధ్య ఖాళీ మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. ఆ ఖాళీ పెరిగితే సెల్ఫ్ తిరిగే నిదానపు వేగంలో పుట్టే సంకేతం కంప్యూటర్ గుర్తించలేనంత నీరసంగా వస్తుంది.

రెసిస్టెన్స్ కొలిస్తే నకిలీ కూడా దాదాపు అసలుదానితో సమానంగా చూపింది. కాబట్టి ఓమ్స్ చూసి సరే అనుకోకండి. మీ బండిలో ఉన్నది రెండు పిన్నుల అయస్కాంత రకం అయితే, బిగించకముందే మల్టీమీటరును ఏసీ మిల్లీవోల్టులకు పెట్టి, కొన దగ్గర నుంచి ఇనుప స్పానర్‌ను వేగంగా పోనిచ్చి చూడండి. పాతదానితోనూ అలాగే చేసి అంకెలు పోల్చండి. మూడు పిన్నుల హాల్ రకానికి ఈ పరీక్ష పనికిరాదు. దానికి కరెంటు ఇచ్చి, బయటికి వచ్చే సంకేతాన్ని చూడాలి. అది ఆటో ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టడమే మేలు.

నిజానికి నా బండి స్టార్ట్ కాకపోవడం అదృష్టమే. ఇలాంటిది ఎలాగోలా స్టార్ట్ అయి, నెల తరవాత హైవే మీద లారీల మధ్య ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు ఇంజన్ నుంచి అందే సాయం ఆగిపోతుంది. డబ్బు పోతే పోయిందని ఊరుకునే వ్యవహారం కాదిది.

వాపసు ఎలా వచ్చిందో కూడా చెబుతాను. సరుకు వచ్చిన ప్లాస్టిక్ సంచి దాచాను. దాని మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ చిల్లర ధర, ఏవీ లేవు. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం ఇవి ఉండి తీరాలి. బిల్లులో ‘కారు విడిభాగం’ అని ఒక్క ముక్కే ఉంది. పాత సెన్సర్‌తో, దీంతో విడివిడిగా సెల్ఫ్ కొడుతూ స్కానర్ అంకె కనిపించేలా ఒకే వీడియో తీశాను. ఇవన్నీ పెట్టి ఆ అమ్మకాల వేదిక ఫిర్యాదుల అధికారికి రాశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లోపం ఉన్న సరుకును, నకిలీ సరుకును వాపసు తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదని కూడా అందులోనే ఉంది. అయినా వారి నుంచి అచ్చు వేసిన జవాబులే వచ్చాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేశాకే కదలిక వచ్చి డబ్బు తిరిగొచ్చింది. తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు.

అమ్మకందారు పేరు రాయను, ఎలాగూ పేరు మార్చేశాడు. గుర్తు చెబుతాను: నీలం గుడ్డ మీద కంపెనీ డబ్బా, పక్కన సెన్సర్, పార్టు నంబరున్న వైపు కిందికి తిప్పి ఉంటుంది. కొత్త పేరుతోనూ అదే ఫొటో. ఆ నంబరు కనిపించేలా ఇంకో ఫొటో పంపమని మా తమ్ముడి చేత అడిగించాను. “స్టాకు అయిపోయింది సార్” అని జవాబు. ప్రకటన మాత్రం ఇంకా అలాగే ఉంది.