దివిసీమ బొంత: పాత చీరలా, కలంకారీ ముక్కలా, అతుకు బొమ్మలా?

మా చెల్లెలి కూతురికి పెళ్లి కుదిరింది. కాపురం పుణేలో. "పెద్దమ్మా, కప్పుకుంటే మన ఊరు గుర్తుకు రావాలి, అలాంటి బొంత కుట్టివ్వు" అంది. మన ఊరంటే అవనిగడ్డ దాటాక, కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే దివిసీమలో. సరే అన్నానే గానీ, ఎలా కుట్టాలన్నది తేలడానికే నెల పట్టింది.

మొదట తట్టింది బొమ్మ. నీలం గుడ్డ మీద కాలువ, గట్టున తాడిచెట్లు, పడవ, వెనక హంసలదీవి గోపురం, అన్నీ గుడ్డముక్కలు కత్తిరించి అతికించడం. దిండు గలీబు అంత నమూనా కుట్టి చూశాను. తాటాకు కొసలు లోపలికి మడిచి కుట్టేసరికి తల ప్రాణం తోకకొచ్చింది, రెండు ఉతుకులకే అంచులు పోగులు లేచాయి. పైగా చూస్తే బస్టాండు గోడ మీద బొమ్మలా ఉంది. గోడకు తగిలించుకునేవాళ్లకు ఇది బాగుంటుందేమో. కప్పుకునేదానికి వద్దు.

తర్వాత పెడన. బందరుకు పక్కనే ఉన్న ఊరు, అచ్చు కలంకారీకి పుట్టిల్లు. పన్నెండు అంగుళాల గళ్లు వేసుకుంటే సింగిల్ మంచానికి అడ్డం ఐదు, నిలువు ఏడు, మొత్తం 35 ముక్కలు. చుట్టూ పావు అంగుళం కుట్టుకు వదలాలి కాబట్టి ముక్క పన్నెండున్నర. 44 అంగుళాల పన్నాలో వరసకు మూడే వస్తాయి. పైభాగానికే నాలుగు మీటర్లు, అడుగు గుడ్డకు ఇంకో నాలుగున్నర. మిషన్ మీద పని త్వరగా అయిపోతుంది, చూడ్డానికి కళగా ఉంటుంది, ఇవ్వడానికి దర్జాగా ఉంటుంది. కాదనను.

కొనేటప్పుడు గుడ్డ తిప్పి చూడండి. చెక్క అచ్చుతో చేత్తో అద్దినదైతే అచ్చుకు అచ్చు కలిసేచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఎక్కడా తేడా లేకుండా ఒకేలా పరుచుకుందంటే స్క్రీన్ ప్రింట్ అని అనుమానించాల్సిందే. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. అసలు కలంకారీలో నలుపు వచ్చేది తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లు కరక్కాయ పట్టించిన గుడ్డకు తగిలినప్పుడు. ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. పాత కలంకారీల్లో ముందు చిరిగేది నల్లగీతల దగ్గరే. ఏళ్ల తరబడి ఉతికి వాడే బొంతకు ఇది చిన్న లోపం కాదు. కత్తిరించే ముందు రెండు మూడుసార్లు తడిపి ఆరేయకపోతే రంగు పక్క ముక్కకు అంటుతుంది, గుడ్డ ముడుచుకుంటుంది. అది వేరే టెన్షన్.

ఇక పాత చీరలు. నేను మొగ్గింది వీటివైపే. నేత చీర ఐదున్నర మీటర్లు. మధ్యకు కోసి రెండు సగాలు పక్కపక్కన కలిపితే డబుల్ కాట్ బొంతకు ఒక పొర సరిగ్గా సరిపోతుంది. నాలుగు చీరలు, నాలుగు పొరలు. దూది అక్కర్లేదు. మా వైపు చలి సంక్రాంతి ముందు కొన్నాళ్లే కాబట్టి బొంతలు పల్చగానే ఉండేవి. పుణే చలికి ఇంకో పొర వేస్తే పోతుంది. నైలాన్ చీరలు మాత్రం కలపకండి, పొరలు జారిపోతాయి, ఒంటికి ఉక్క.

కష్టం ఎక్కడంటే కుట్టులో. అర అంగుళానికో వరస వేస్తే మొత్తం అర కిలోమీటరు దారం నడవాలి. ముందు పొరలు నేల మీద పరిచి ముడత లేకుండా టాకాలు వేసుకోవాలి. అమ్మ అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకొచ్చేది. నేనూ అంతే. ముందు ఓ చిన్న నమూనా కుట్టి దూరం నుంచి చూస్తే ఆ వరసలు మా వరిచేల గట్లలాగే కనిపించాయి. తాడిచెట్టు బొమ్మ వేసినా రాని ఊరు అక్కడ వచ్చింది. ఆ చీరలు కొన్నది బందరు బజారులో, ఉతికింది మా కాలువ రేవులో. వేరే గుర్తు ఎందుకు?

అయినా కలంకారీని పూర్తిగా వదల్లేదు. చుట్టూ నాలుగు అంగుళాల అంచు దానిదే, నలుపు తక్కువ ఉన్న ఎర్రటి గుడ్డ ఏరి తెచ్చాను. పాత చీర ఎప్పుడో ముడుచుకుని ఊరుకుంది, కొత్త గుడ్డ ఇప్పుడు ముడుచుకుంటుంది. అందుకని అంచు గుడ్డను ముందే మూడుసార్లు ఉతికి పెట్టుకున్నాను.

ఒంటరిగా కుట్టేవాళ్లకు, నెలలోపల ఇవ్వాల్సినవాళ్లకు పెడన గళ్లే మేలు. ఇంట్లో చీరలు లేకపోతే కొత్తవి కొని మరీ బొంత కుట్టడంలో అర్థం లేదు.

నాకు మూడు చీరలు దొరికాయి. నాలుగోది, అమ్మ కట్టిన ముదురాకుపచ్చ మంగళగిరి, చెల్లెలి బీరువాలో ఉంది. "కూతురికే కదే" అంటే, "దానికైతే ఇస్తాను, కత్తెర మాత్రం పెట్టనివ్వను" అంటోంది. కొయ్యకుండా మధ్యకు మడిచి పెడదామంటే వెడల్పు సగానికే వస్తుంది.