నాయికకి గొంతు పోతే ఎవరు పాడాలి? బ్రాడ్‌వే పద్ధతుల్లో ఏది మేలు?

పోయిన దసరాకి మా నాటకం ఆగిపోయింది. న్యూజెర్సీలో మేం కొంతమందిమి కలిసి ఆరు నెలలు పద్యాలు సాధన చేశాం, హాలు తీసుకున్నాం, తెరలు కుట్టించుకున్నాం. ముందురోజు రాత్రి సత్యభామ వేసే అమ్మాయికి గొంతు పట్టేసింది. తెల్లారేసరికి మాట కూడా పెగల్లేదు. ఆ పద్యాలు నోటికి వచ్చిన రెండో మనిషి మాలో లేరు. వచ్చినవాళ్లకి కాఫీలిచ్చి, క్షమించమని చెప్పి పంపేశాం. ఆ అమ్మాయి ఏడ్చిన ఏడుపు ఇంకా నా కళ్లముందే ఉంది. జబ్బు చెయ్యడం ఆమె తప్పు కాదు. బదులు మనిషిని సిద్ధం చేసుకోకపోవడం మా అందరి తప్పు.

నది దాటితే మన్‌హటన్. అక్కడి బ్రాడ్‌వే థియేటర్లలో వారానికి ఎనిమిది ఆటలు, ఏళ్ల తరబడి ఆడే సంగీత నాటకాలున్నాయి. ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ 1988 జనవరి 26న మెజెస్టిక్ థియేటర్లో మొదలై 2023 ఏప్రిల్ 16న ముగిసేసరికి 13,981 ఆటలు పూర్తయ్యాయి. అన్నేళ్లలో ఎన్ని జలుబులు, ఎన్ని బెణుకులు, ఎన్ని పురుళ్లు, ఎన్ని చావు కబుర్లు వచ్చి ఉంటాయో! ఆ నాటకాన్ని కొన్నాళ్లపాటు మూసేసింది కోవిడ్‌లాంటి విపత్తులే తప్ప, ఒక నటికి ఒంట్లో బాగాలేకపోవడం కాదు.

మా హార్మోనిస్టు బాబాయిగారిది తెనాలి. మా సంగతి విని ఆయన అన్నారు, “ఒకే రాత్రి ముగ్గురు కృష్ణుల్ని చూసినవాణ్ణి నేను. ఒక్క సత్యభామ రాకపోతే నాటకమే లేదా అమ్మాయ్?” కాంట్రాక్టు నాటకాల రోజుల మాట అది. రాయబారానికి ఒక కృష్ణుడు, పడక సీనుకి ఇంకో కృష్ణుడు. హరిశ్చంద్రలో వారణాసి సీనుకి ఒకరు, కాటి సీనుకి ఒకరు. పీసపాటి, షణ్ముఖి, అబ్బూరి లాంటి కృష్ణుల పేర్లు గోడమీది పోస్టరు చూసి, ఎవరి పద్యం కోసం వాళ్లు బళ్లు కట్టుకుని వెళ్లేవారట. నేను బాబాయిగారితో వాదించాను. ఆ ముగ్గురూ ఒకరికొకరు బదులు కారు కదా, ఎవరి సీను వాళ్లదే కదా అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. కానీ ఒక మాట నాలో ఉండిపోయింది: పోస్టరులో పేరు ముందే ఉంటే, ఎవరొచ్చినా జనానికి మోసపోయామని అనిపించదు.

అక్కణ్ణించి బ్రాడ్‌వే వాళ్ల ఏర్పాట్లు ఒక్కొక్కటీ తెలుసుకోవడం మొదలుపెట్టాను. బయటినుంచి చూసేవాళ్లం అందరినీ కలిపి ‘అండర్‌స్టడీ’ అనేస్తాం. లోపల అవి వేరువేరు ఉద్యోగాలు.

అసలు అండర్‌స్టడీ అంటే రోజూ వేదిక మీద ఉండే మనిషే. కోరస్‌లోనో, చిన్న పాత్రలోనో ఆడుతూ, పెద్ద పాత్రని కూడా నేర్చుకుని ఉంచుకుంటుంది. 1954లో ‘ది పజామా గేమ్’లో కెరోల్ హేనీ చీలమండ దెబ్బతింటే, కోరస్‌లో ఉన్న షర్లీ మెక్‌లేన్ ఆ వేషం వేశారు. సినిమా నిర్మాత హాల్ వాలిస్ చూశారు, సినిమాకి తీసుకున్నారు. అందరూ చెప్పుకునే కథ ఇది. ఖర్చు తక్కువ కావడం ఈ పద్ధతిలో పెద్ద సౌకర్యం. తోటి నటులతో రోజూ ఆడే మనిషి కాబట్టి ఊపు, వేగం, ఎక్కడ జనం నవ్వుతారో అన్నీ తెలిసే ఉంటాయి. ఇబ్బంది ఏమిటంటే, ఆమె ముందుకి జరిగితే ఆమె నిలబడే చోటు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని ఎవరు పూడ్చాలి? చిన్న బృందానికి ఆ గొలుసే మెడకి చుట్టుకుంటుంది.

స్టాండ్‌బైకి ఆ బాధ లేదు. ఆమెకి వేదిక మీద వేరే పనేమీ ఉండదు. ఒకటి రెండు పెద్ద పాత్రలు పూర్తిగా నేర్చుకుని, థియేటర్లోనో, పిలిస్తే నిమిషాల్లో చేరేంత దగ్గర్లోనో ఉండాలి. ‘విక్డ్’ నాటకంలో ఎల్ఫబా, గ్లిండా అనే ఇద్దరు మంత్రగత్తెల పాత్రలకి ఇలా స్టాండ్‌బైలు ఉంటారు. ఎల్ఫబా అంటే మొహానికి, చేతులకి పచ్చరంగు పులుముకుని, మొదటి సగం చివర గాల్లోకి లేచి, గొంతు పగిలేంత పైస్థాయిలో పాడాల్సిన వేషం. 2005 జనవరి 8న ఇడీనా మెంజెల్ ఆ పాత్రలో తన చివరి ఆటకి ముందు ఆట ఆడుతున్నారు. నీళ్లు పడి ఎల్ఫబా కరిగిపోయే ఘట్టంలో, వేదికలోని తలుపు కింద ఉండాల్సిన లిఫ్టు అప్పటికే దిగిపోయి ఉండటంతో ఆమె పడిపోయారు. పక్కటెముక చిట్లింది. ఆట ఆగింది. స్టాండ్‌బై షొషానా బీన్ రంగు వేసుకుని వచ్చి మిగతాది ముగించారు. మర్నాడు కూడా బీనే ఆడారు. ఆఖరి సీనుకి మాత్రం మెంజెల్ ఎర్ర ట్రాక్‌సూట్‌లో, పచ్చరంగు లేకుండా, మామూలు మనిషిలా వేదిక మీదికి వచ్చారు. జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్లు ఆగలేదు. ఆ తర్వాత ఆ పాత్ర బీన్‌దే అయింది.

ఇంత గొప్ప పద్ధతైతే అందరూ ఇదే పెట్టుకోవచ్చు కదా! నాకు మాత్రం ఇందులో ఒక కష్టం కనిపిస్తుంది. స్టాండ్‌బై వారాల తరబడి ఆడకుండా కూర్చోవచ్చు. సంగీతం తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పద్యం ఇంట్లో పాడుకోవడం వేరు, వెయ్యిమంది ముందు, ఎదుటి నటుడి మాట అందుకుని, దీపాల వేడిలో పాడటం వేరు. సాధన గొంతును కాపాడుతుంది కానీ ధైర్యాన్ని కాపాడేది ఆటే. పైగా, వాడుకుంటామో లేదో తెలియని మనిషికి పూర్తి జీతం ఇవ్వగలిగేది డబ్బున్న నాటకమే.

ఇక స్వింగ్. ఈ మాట నేను మొదటిసారి విన్నప్పుడు ఎవరో సహాయకులనుకున్నాను. అసలు కథ విన్నాక వీళ్లమీద నాకు కలిగిన గౌరవం అంతా ఇంతా కాదు. స్వింగ్ ఏ రోజూ తనదంటూ ఒక పాత్రలో ఉండరు. కోరస్‌లో అయిదారుగురివో, పది మందివో చోట్లు నేర్చుకుని ఉంటారు. ఒక మనిషి నాటకం మొత్తంలో నడిచే దారి, మార్చుకునే దుస్తులు, పాడే స్వరస్థాయి, మోసే కుర్చీ, అన్నీ కలిపి దాన్ని ‘ట్రాక్’ అంటారు. వేదిక ముందు అంచున నడిమధ్య సున్నా, అక్కణ్ణించి రెండు పక్కలకీ అంకెలు రాసి ఉంటాయి. స్వింగ్ నోటుపుస్తకం నిండా ఆ అంకెలే. ఈ పాట రెండో చరణంలో ఫలానా మనిషి నాలుగు మీద నిలబడతాడు, ఎడమకి తిరుగుతాడు, అలా. ఒకే నృత్యాన్ని కుడినుంచీ ఎడమనుంచీ కూడా చెయ్యగలగాలి, పొరపాటున నిన్నటి మనిషి దారిలోకి వెళ్తే ఇంకొకరిని గుద్దేస్తారు. మరీ ఎక్కువమంది రాని రోజున ఒకే స్వింగ్ ఇద్దరి ట్రాకుల్లోంచి ముఖ్యమైన ముక్కలు ఏరుకుని ఆడతారు. దాన్ని ‘స్ప్లిట్ ట్రాక్’ అంటారు. చూసేవాళ్లకి ఏమీ తెలియకపోతే ఆ రోజు వాళ్లు గెలిచినట్టు.

2021 డిసెంబరులో ఇదంతా లోకానికి కనిపించింది. ‘ది మ్యూజిక్ మ్యాన్’ ముందస్తు ఆటలు అప్పుడే మొదలయ్యాయి. 23న నాయిక సటన్ ఫాస్టర్‌కి కోవిడ్ అని తేలింది. స్వింగ్ కేథీ వోయిట్‌కోకి ఆ సంగతి మధ్యాహ్నం పన్నెండింటికి తెలిసింది. ఒంటిగంటకి ఆ పాత్రలో ఆమె మొట్టమొదటి రిహార్సల్. సాయంత్రం ఆట. చివర్లో నాయకపాత్ర వేస్తున్న హ్యూ జాక్‌మన్ ఆమెని పక్కన నిలబెట్టుకుని, ఆ పొద్దున ఆమె ఎనిమిది పాత్రల్లో ఏదైనా ఆడటానికి సిద్ధంగా వచ్చారని జనానికి చెప్పారు. బ్రాడ్‌వేకి పునాది ఈ స్వింగ్‌లూ అండర్‌స్టడీలేనన్నారు. కొద్ది రోజులకే ఆయనకీ కోవిడ్ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నిర్మాతల సంఘం అధ్యక్షురాలు, అండర్‌స్టడీలు పాత్రని అంత సమర్థంగా అందించలేరన్నట్టు మాట్లాడి, నటుల ఆగ్రహం చూసి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. ఆ చలికాలం అన్ని నాటకాల తలుపులూ ఒకేసారి మూతపడలేదంటే అది వీళ్ల చలవే.

ఇంకో సంగతి. 2022 జనవరిలో ‘విక్డ్’లో ఎల్ఫబా ఆడగలిగినవాళ్లు కరవయ్యారు. ఆ పాత్ర పూర్వం ఆడిన కార్లా స్టిక్లర్ అప్పటికే నాటకరంగం వదిలి షికాగోలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేస్తున్నారు. కబురు అందగానే న్యూయార్క్ వచ్చి, మళ్లీ పచ్చరంగు వేసుకున్నారు. మా బృందంలో సగంమంది సాఫ్ట్‌వేర్ వాళ్లే, ఈ కథ చెప్పినప్పుడు వాళ్ల మొహాలు వెలిగిపోయాయి.

స్వింగ్ లేకుండా పెద్ద నాటకం నడవదు, అంతవరకూ నిజం. కానీ స్వింగ్‌ని నాయిక పాత్రకి ఏకైక దిక్కుగా పెట్టుకోవడం ఆ మనిషికి అన్యాయం. వోయిట్‌కో నెగ్గుకొచ్చారంటే అది ఆమె అనుభవం. అంత బరువు ఒక్కరి నెత్తిన పెట్టి, తర్వాత చప్పట్లు కొడితే సరిపోదు.

నాకు నచ్చింది ఆల్టర్నేట్ పద్ధతి. ఇందులో రెండో నటికి వారంలో ఫలానా ఆటలు తనవని ముందే రాసిచ్చేస్తారు. ‘ఫాంటమ్’లో నాయిక క్రిస్టీన్ పాత్ర ఎంత బరువంటే, మొదట ఆ పాత్ర ధరించిన సారా బ్రైట్‌మన్ కూడా వారానికి ఎనిమిది ఆటలు పాడలేదు. న్యూయార్క్‌లో మిగిలిన రెండూ ప్యాటీ కొహినార్ పాడారు. 1979లో ‘ఎవిటా’ బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు మ్యాట్నీలు టెర్రీ క్లౌస్నర్ వేశారు, మిగతా ఆటలు ప్యాటీ లుపోన్ వేశారు. ‘హామిల్టన్’ రాసిన లిన్-మాన్యుయెల్ మిరాండా తానే నాయకపాత్ర వేస్తూ కూడా, హవియెర్ మున్యోస్‌కి ఆటలు కేటాయించారు. 2015 జులైలో ఒబామా చూసిన ఆటలో హామిల్టన్ మున్యోసే. ఏడాది తర్వాత మిరాండా తప్పుకుంటే ఆ పాత్ర ఆయనకే వచ్చింది, కొత్త మనిషి కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది.

స్టాండ్‌బైకీ ఆల్టర్నేట్‌కీ తేడా ఒకే మనిషిలో చూడాలంటే జూలీ బెంకోని చూడాలి. 2022లో ‘ఫన్నీ గర్ల్’ మళ్లీ వేసినప్పుడు ఆమె, నాయిక వేషం వేసే బీనీ ఫెల్డ్‌స్టీన్‌కి స్టాండ్‌బై. బీనీ రాలేని రోజుల్లో వేస్తూ పేరు తెచ్చుకున్నారు. బీనీ తప్పుకున్నాక ఆగస్టు నెలంతా నాటకం బెంకో మీదే నడిచింది. సెప్టెంబరు 6న లియా మిషెల్ వచ్చారు, బెంకో ఆల్టర్నేట్ అయ్యారు, గురువారాలు ఆమెవి. ఆ మొదటి వారంలోనే లియాకి కోవిడ్. బెంకోకి అదేమీ కొత్త కాదు, జనానికి బెంకో కొత్త కాదు. గురువారం టికెట్టు కొన్నవాళ్లు ఆమె కోసమే కొన్నారు. కార్యక్రమ పుస్తకంలోంచి చిన్న కాగితం ముక్క జారిపడి, “ఈ ఆటలో ఫలానా పాత్ర ఫలానావారు” అని చదివి ఉసూరుమనే బాధ అక్కడ లేదు. (సాధారణంగా నాటకం పేరుకి పైన వేసిన తార రాకపోతేనే డబ్బు వాపసో, వేరే రోజో ఇస్తారు. మిగతా ఎవరు మారినా టికెట్టు టికెట్టే. దూరంనుంచి వెళ్లే మనవాళ్లు ఇది తెలుసుకుని కొనాలి.)

ఆల్టర్నేట్‌ని కూడా దాటిపోయినది ‘బిల్లీ ఇలియట్’. పన్నెండు పదమూడేళ్ల పిల్లవాడు బాలే, ట్యాప్, పాట, నటన అన్నీ మొయ్యాలి. రోజూ ఒకడే చేస్తే కాళ్లు విరుగుతాయి. అందుకని ముగ్గురు బిల్లీలు వంతులవారీగా ఆడారు, ఎవరూ బదులు కారు. 2009లో బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు డేవిడ్ అల్వారెజ్, ట్రెంట్ కొవాలిక్, కిరిల్ కులిష్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. పిల్లల పాత్రలకి ఇంతకన్నా మంచి దారి లేదు. పెద్దవాళ్లకి మాత్రం మూడింతల రిహార్సల్ అవుతుంది, ఎదుటి నటుడు ముగ్గురి తీరుకీ అలవాటు పడాలి. మా కృష్ణుడు ఒక్కరి అలకకే ఇంకా సరిగ్గా బతిమాలలేకపోతున్నాడు.

ఇదంతా మా వాళ్ల ముందు పెట్టాను. ఒకరు అండర్‌స్టడీ చాలన్నారు, నలుగురు చెలికత్తెల్లో ఒకరికి నేర్పితే సరి అని. చెలికత్తె సత్యభామ అయితే నారదుడితో వాదించే చెలికత్తె ఎవరని ఇంకొకరు అడిగారు. బాబాయిగారు హార్మోనియం మీద చెయ్యి తియ్యకుండానే, సురభి వాళ్ల మాట ఎత్తారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ కుటుంబాల్లో పిల్లలు తెరల చాటునే పెరుగుతారు, అందరి పద్యాలూ వింటూ పెద్దవుతారు, ఎవరికి జ్వరమొచ్చినా వేషం వేసేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. స్వింగ్ అనే మాట వాళ్లకి అక్కర్లేదు. శని ఆదివారాల్లో కలుసుకునే మాకు ఆ భాగ్యం లేదు.

చివరికి తేలింది ఇది. వచ్చే ఉగాదికి రెండు ఆటలు. శనివారం సాయంత్రం పాత సత్యభామే. ఆదివారం మధ్యాహ్నం కొత్తావిడ, ఎడిసన్‌లో ఉండే నర్సు, కర్ణాటక సంగీతం నేర్చుకున్నావిడ. ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో పోస్టరు మీద పడతాయి. ఒకరు రాలేకపోతే రెండు ఆటలూ రెండోవారివే. చెలికత్తెల కోసం స్వింగ్‌గా నేనే ఉంటున్నాను. నలుగురి చోట్లూ రాసుకుని నోటుపుస్తకం ఒకటి మొదలుపెట్టాను, హాల్లో వేదిక అంచున సుద్దముక్కతో సున్నా గీశాను.

పాత సత్యభామకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, చిన్నబుచ్చుకుంటుందేమోనని. విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. “అక్కా, ఆదివారం నేను ముందు వరసలో కూర్చుంటాను. సత్యభామని జనంలోంచి ఎప్పుడూ చూడలేదు” అంది.