మాననని మొండికేసే పేషెంటుకు ఏది మేలు: మందలింపా, మాటా, మందా?

"మందులెన్నైనా రాయమ్మా, మింగుతాను. బీడీ మాత్రం మానమనకు."

ఆయాసంతో వచ్చిన ఒక రైతు కుర్చీలో కూర్చోకముందే నాతో అన్న మాట ఇది. వయసు అరవై దాటింది. చొక్కా జేబులోంచి బీడీ కట్ట, అగ్గిపెట్టె పైకే కనిపిస్తున్నాయి. కుడిచేతి రెండు వేళ్లు పచ్చబారిపోయాయి. ఇలాంటి మనిషికి ఎలా సాయపడాలన్నది ఛాతీ ఓపీలో కూర్చునే డాక్టర్లం మాలో మేం తరచూ వాదించుకునే సంగతే.

మాలో ఎక్కువమంది చేసేది మందలించడం. "ఇలాగే కాలిస్తే ఊపిరితిత్తులు పోతాయి" అని గట్టిగా చెప్పడం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. ఫలితం ఏమిటంటే, తర్వాతిసారి వచ్చినప్పుడు "మానేశానమ్మా" అంటారు, ఒంటి నిండా పొగ వాసన. లేదా అసలు రావడమే మానేస్తారు. హాని సంగతి వాళ్లకు తెలియక కాదు, సిగరెట్ పెట్టె మీద, బీడీ కట్ట మీద ఆ బొమ్మ రోజూ చూస్తూనే ఉంటారు.

అలాగని డాక్టరు నోటిమాట దండగ అనను. లండన్‌లో జరిగి 1979లో ప్రచురితమైన అధ్యయనంలో డాక్టరు ఒకటి రెండు నిమిషాలు సలహా చెప్పి, ఒక కరపత్రం ఇచ్చి, మళ్లీ కనుక్కుంటామని చెప్పిన వాళ్లలో ఏడాదికి 5.1 శాతం మంది మానేసి ఉన్నారు. ఏమీ చెప్పని వాళ్లలో 0.3 శాతమే. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, రోజంతా ఓపీ చూసే డాక్టరుకు అది చాలా పెద్దది.

భయపెట్టడానికీ, ఉన్నది చూపించడానికీ తేడా ఉంది. గొట్టంలోకి ఊదే పరీక్ష చేసి "నీ వయసు 60, నీ ఊపిరితిత్తుల వయసు 80" అని చెప్పడం ఒక పద్ధతి. ఇంగ్లండులో దాన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. అలా వయసు లెక్కలో చెప్పించుకున్న వాళ్లలో ఏడాది తర్వాత చూస్తే 13.6 శాతం మంది మానేశారు, మిగతా వాళ్లలో 6.4 శాతం. నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి: ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని తెలిసిన వాళ్లు కూడా, పాడయ్యాయని తెలిసిన వాళ్లంతగానూ మానేశారు. అంటే పనిచేసింది భయం కాదు, తన సంగతి తనకు అర్థమయ్యేలా ఎవరో విడమరిచి చెప్పడం.

ఇక మాట్లాడించడం. "పది మార్కులకు బీడీ మానడం నీకెంత ముఖ్యం, బాబాయ్?" అని ఆ రైతును అడిగాను. "మూడు" అన్నాడు. మామూలుగా అయితే "మూడేనా?" అని మొదలుపెట్టేస్తాం. అలా కాకుండా "సున్నా ఎందుకు అనలేదు?" అని అడగాలి. కాసేపు నేల చూసి "మనవడు ఒళ్లోకి రాడమ్మా, కంపంటాడు" అన్నాడు. ఆ మాట నేను చెబితే ఉపదేశం. తనంతట తాను అంటే అది అతని కారణం. ఈ పద్ధతంటే నాకు చాలా గౌరవం. దీన్ని పూర్తిగా చేయాలంటే టైము కావాలి. బయట వందమంది లైన్లో ఉంటే కుదరదు. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం రెండు నిమిషాలు చాలు.

మూడో దారి, అతను సిద్ధపడేదాకా ఆగకుండా మందు మొదలుపెట్టడం. మా చదువులో నేర్పింది దీనికి తలకిందులు: ముందు మానే తేదీ పెట్టుకోవాలి, తర్వాతే మందు. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో నెలలోపు మానలేం, తగ్గించుకుంటాం అన్న 1510 మందిని తీసుకున్నారు. అందరికీ కౌన్సెలింగ్ ఇస్తూ, సగం మందికి వరెనిక్లిన్ (పొగ తాగాలన్న కోరికను తగ్గించే మాత్ర), సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర 24 వారాలు ఇచ్చారు. 15 నుంచి 24 వారాల మధ్య అసలు ముట్టని వాళ్లు వరెనిక్లిన్ వైపు 32.1 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 6.9 శాతం. 2020లో ఊపిరితిత్తుల జబ్బుల డాక్టర్ల సంఘం అమెరికన్ థొరాసిక్ సొసైటీ కూడా సిద్ధపడేదాకా ఆగొద్దనే చెప్పింది. అవి సిగరెట్ కాల్చేవాళ్ల అంకెలు. మన బీడీ మనిషికి అచ్చం అలాగే వస్తాయని చెప్పలేను. అయినా నా ఓటు దీనికే.

మందుల్లో బీడీకి బదులు కొద్దిగా నికోటిన్ అందించే నికోటిన్ గమ్ కూడా మంచిదే, కానీ సరిగ్గా వాడేవాళ్లు తక్కువ. చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేస్తారు. గొంతు మండి, ఎక్కిళ్లు వచ్చి పారేస్తారు. మెల్లగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టి ఆపాలి. వేసుకునే ముందు పావుగంట టీ, కాఫీ తాగకూడదు. వరెనిక్లిన్‌తో కొందరికి వికారం, వింత కలలు వస్తాయి. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. కిడ్నీ జబ్బు బాగా ముదిరినవాళ్లకు మోతాదు తగ్గించాలి.

కాబట్టి నేనిప్పుడు మూడూ కలిపే వాడుతున్నాను, కానీ ఆ వరుసలో కాదు. ముందు ఆ ఒక్క ప్రశ్న. వెంటనే "మానమనట్లేదు బాబాయ్, తగ్గించుకోవడానికి ఒక మాత్ర ఉంది, ఇవ్వనా?" అని అడగడం. హాని గురించిన మాట చివర్లో, అదీ అతని ఊదుడు పరీక్ష కాగితం చూపిస్తూ.

ఆ రైతు మూడోసారి వచ్చేసరికి రోజుకు రెండు కట్టల నుంచి పన్నెండు బీడీలకు దిగాడు. తెల్లారి లేవగానే కాల్చేది మాత్రం వదలడం లేదమ్మా అన్నాడు. ఆ ఒక్కదాన్ని టీ తాగేదాకా జరపమన్నాను. వచ్చే నెల మళ్లీ రమ్మని చీటీ మీద తేదీ రాసిచ్చాను.