డాబాకు తెల్ల పూతా, చలువ టైల్సా: ఏది మేలు?

మాఘం దాటితే చాలు, నెల్లూరులో పై అంతస్తు వాళ్ళది ఒకటే ప్రశ్న. స్లాబు సెగ తగ్గాలంటే తెల్ల పూత వేయించాలా, చలువ టైల్స్ పరిపించాలా? కావలి, ఒంగోలు చుట్టాలూ ఫోను చేసి ఇదే అడుగుతున్నారు. ఈ ఏడు మా డాబాకూ ఏదో ఒకటి తేల్చుకోవలసి వచ్చింది కాబట్టి నా లెక్క చెబుతాను.

అయిదంగుళాల స్లాబు మిట్టమధ్యాహ్నం తాగిన ఎండను సాయంత్రం నుంచి గదిలోకి దింపడం మొదలుపెడుతుంది. రాత్రి మంచం మీద వెల్లకిలా పడుకుంటే ముఖానికి తగిలే సెగ గాలిది కాదు, నేరుగా స్లాబుది. అందుకే ఫ్యాను ఎంత తిప్పినా పోదు. సముద్రపు గాలి తిరిగిన రోజు ఎలాగో గడుస్తుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి పట్టి, సముద్రపు గాలిని ఊళ్ళోకి రానివ్వని రోజు మాత్రం నిద్ర ఉండదు. కాబట్టి ఎండను స్లాబులోకి దిగకముందే తిప్పికొట్టాలి. బూడిదరంగు సిమెంటు మీద పడిన ఎండలో మూడోవంతు కూడా వెనక్కి పోదు. మంచి తెల్ల పూత కొత్తలో అయిదింట నాలుగు వంతులు వెనక్కి పంపుతుంది. తెల్ల చలువ టైలూ దాదాపు అంతే.

వేడి ఒక్కటే చూస్తే టైలుకే కాస్త మొగ్గు. అడుగున సిమెంటు మందం తోడవుతుంది, కడిగితే మళ్ళీ తెల్లగా వస్తుంది, మిరపకాయలు ఆరబోసుకోవచ్చు, మంచాలు ఈడ్చినా గీతలు పడవు. పూత నాలుగైదేళ్ళకు వెలుస్తుంది, నడిచే దారిలో ఇంకా ముందే. ఇంతవరకు విని చాలామంది టైల్స్ వాడికి ఫోను చేస్తారు.

నన్ను ఆపింది ఎండ కాదు, వాన. మన దగ్గర పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే. వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు తెరిపి ఉండదు. టైల్స్ సందుల్లో నింపే గ్రౌటు ఒక్కచోట విడిచినా నీరు అడుగున ఉన్న సిమెంటులోకి దిగి, వాలు ఎటు ఉంటే అటు నడుస్తుంది. కింద పడకగదిలో ఫ్యాను కొక్కెం దగ్గర చుక్క పడుతుంటే, పైన అసలు చిల్లు పదడుగుల అవతల పిట్టగోడ మూలలో ఉండవచ్చు. దాన్ని వెతకాలంటే టైల్స్ పగలగొట్టడమే దారి. తీరా పగలగొట్టాక మేస్త్రీ ‘ఇక్కడ కాదు సార్’ అంటాడు. పూత వేసిన డాబా మీద బీటవారితే కంటికి కనిపిస్తుంది. సీసా మూతంత మేర గీకి, పూడ్చి, పైన మళ్ళీ పూత పూస్తే సరి.

బరువూ ఉంది. అంగుళం సిమెంటు, దాని మీద టైలు కలిపి చదరపు అడుగుకు ఏడు కిలోల దాకా తూగుతుంది. వెయ్యి అడుగుల డాబాకు అది ఏడు టన్నులు. కొత్త ఇంటికి ఫర్వాలేదు. చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్న పాత స్లాబుకైతే ఇంజనీరుకు చూపించకుండా ఎక్కించవద్దు.

అయినా టైల్సే కావాలనుకుంటే ముందు స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తూములు మూసి నీళ్ళు కట్టి రెండు రోజులు నిలబెట్టి చూడండి. కింద తేమ కనబడకపోతేనే టైలు తెప్పించండి. పరిచేవాడు ఇది అనవసరం అంటాడు. వినకండి.

పూతకున్న జబ్బు మాసిపోవడం. చీమకుర్తి వైపు క్వారీల దుమ్ము, మన వైపు వానల తర్వాత నల్లగా పట్టే నాచు. నల్లబడిన తెల్ల పూత పేరుకే తెలుపు. ఏటా సంక్రాంతి దాటాక చీపురు పెట్టి కడిగే మనిషి ఇంట్లో లేకపోతే పూత మీద డబ్బు పెట్టకండి. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అంకె కూడా చూడండి, అంటే ఎండను తిప్పికొట్టి, ఎక్కిన వేడిని వదిలే సత్తాకు కొలత. మంచి తెల్ల పూతలకు అది వంద చుట్టుపక్కల ఉంటుంది. అంకె వేయని డబ్బా కొనవద్దు. వెండి రంగు పూత చూపిస్తే వద్దనండి. అది ఎండను కొంత తిప్పికొట్టినా, ఎక్కిన వేడిని తెలుపు వదిలినంత తేలిగ్గా వదలదు.

మిగతావి చెప్పాలంటే, అద్దె ఇల్లయితే బంక కలిపిన సున్నం చాలు. వానలకు పోతుంది, పోనివ్వండి, అప్పటికి ఎండాకాలం అయిపోతుంది. ఫాల్స్ సీలింగ్ సెగను కొంత అడ్డుకుంటుంది గాని స్లాబు కాలుతూనే ఉంటుంది. పైగా నీరు కారుతున్నా పలక తడిసి మచ్చపడేదాకా తెలియదు. పగలంతా ఏసీ వేసుకునే వాళ్ళకు స్లాబు మీద థర్మోకోల్ పలకలు పరచి పైన సిమెంటు చేయించడం గట్టి పనే, ఖర్చూ గట్టిదే. సోలార్ పలకలు ఎలాగూ పెట్టించే ఆలోచన ఉంటే వాటి నీడ ఉచితం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. పడకగది మీదుగా బిగించమనండి.

మేము పూతే వేయించాం, మెట్ల గది పక్కన వడియాలు పెట్టుకునే చోటు మాత్రం వదిలేసి. పూత పని ఉగాదిలోపే, ఉదయం తొమ్మిదిలోగా చేయించాలి. నాచు ఇనుప బ్రష్షుతో గీకించి, స్లాబు బాగా ఆరాకే ప్రైమరు. స్లాబు కాలుతుండగా పూస్తే పట్టు దొరక్కముందే ఎండి, పొరలుగా లేచిపోతుంది.