ఫిలిప్పీన్స్ స్ట్రిక్ట్ స్కూలా, సింగపూర్ బెత్తమా, జపాన్ రూల్సా, మన ఇంటర్ హాస్టలా: పిల్లలకి ఏది మేలు?

మనీలాకి ఉద్యోగం మీద వచ్చే తెలుగు ఫ్యామిలీలు ఇల్లు దొరగ్గానే అడిగేది స్కూల్ గురించే. "ఇక్కడి లోకల్ స్కూళ్ళు బాగా స్ట్రిక్ట్ అంట కదండీ, మా వాడు తట్టుకుంటాడా" అని కొందరు, "స్ట్రిక్ట్‌గా ఉంటేనే నయం, అమెరికాలో మా మరిది పిల్లల్లాగా తయారవ్వకుండా ఉంటారు" అని ఇంకొందరు. ఇక్కడే ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను కాబట్టి నాకు దీనిమీద గట్టి అభిప్రాయమే ఉంది. స్కూల్ ఏ విషయంలో కఠినంగా ఉంటోంది, పిల్లాడు తప్పు చేశాక వాడితో కూర్చుని మాట్లాడేది ఎవరు, టీచర్ హద్దు దాటితే ఆపేది ఎవరు, ఇవి చూడకుండా ఏ దేశం స్కూల్ మేలో చెప్పలేం.

ముందు ఫిలిప్పీన్స్ సంగతి. పొద్దున్నే ఫ్లాగ్ సెరిమనీ, దీనికి 1955 నుంచి చట్టమే ఉంది, గవర్నమెంట్ స్కూల్ అయినా ప్రైవేట్ అయినా పెట్టాల్సిందే. లైన్లో నిలబడి జాతీయగీతం పాడి, మన ప్రతిజ్ఞ లాంటిదే వాళ్ళదొకటి కుడిచెయ్యి పైకెత్తి చెప్తారు. టీచర్‌తో మాట్లాడేటప్పుడు ప్రతి మాటకీ "పో" తగిలిస్తారు, మనం "అండీ" అన్నట్టు, మన పిల్లలు అది వారంలో నేర్చేసుకుంటారు. అబ్బాయిల జుట్టు చెవుల మీదకి రాకూడదు, కాలర్‌కి తగలకూడదు, రంగు వెయ్యకూడదు, అమ్మాయిలు గోళ్ళకి రంగు వేసుకోకూడదు, ఐడీ మెడలో ఉండాలి. క్యాథలిక్ స్కూళ్ళలో అయితే ప్రిఫెక్ట్ ఆఫ్ డిసిప్లిన్ అని ఈ పనికోసమే ఒకరుంటారు. రిపోర్ట్ కార్డులో మార్కులతో పాటు ప్రవర్తనకి వేరే పేజీ ఉంటుంది. దైవభక్తి, తోటివాళ్ళ పట్ల మనసు, ప్రకృతి, దేశం అనే నాలుగు విలువల కింద పిల్లాడు ఎప్పుడూ పాటిస్తున్నాడా, అప్పుడప్పుడా, అరుదుగానా, అసలు పాటించడం లేదా అని టీచర్ గుర్తు పెడుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది క్లీనర్స్ పద్ధతి. క్లాసులో పిల్లల్ని గ్రూపులు చేసి రోజుకో గ్రూపుకి క్లాస్‌రూమ్ ఊడ్చే డ్యూటీ వేస్తారు, పబ్లిక్ స్కూళ్ళలో నేలకి వ్యాక్స్ రాసి కొబ్బరి డొక్కని కాలికింద పెట్టి రుద్ది మెరిపించడం అక్కడి తరాలన్నిటికీ తెలిసిన పని. మనవాళ్ళు కొందరు "ఫీజు కట్టి చీపురు పట్టించడం ఏంటండీ" అని బాధపడతారు, నాకు మాత్రం అందులో తప్పేం కనపడదు, ఎందుకంటే అది శిక్ష కాదు, అందరికీ వంతుల ప్రకారం వచ్చే పని, డబ్బున్నోళ్ళ పిల్లాడైనా డ్రైవర్ గారి పిల్లాడైనా ఒకే చీపురు. మన దగ్గర స్కూల్లో పిల్లలతో పని చేయించారంటే చాలాసార్లు ఏ పిల్లలతో చేయించారు అనే ప్రశ్న వస్తుంది, కులం పేరుతో కొంతమందికే ఆ పని అంటగట్టిన చరిత్ర మనకుంది కాబట్టి ఆ భయం న్యాయమే, వంతులు నిజంగా అందరికీ పడుతున్నప్పుడే ఇది మంచి పద్ధతి అవుతుంది.

ఇక కొట్టడం. చాలామంది అనుకునేది స్ట్రిక్ట్ అంటే కొడతారని, కానీ ఇక్కడ 1987 ఫ్యామిలీ కోడ్‌లోనే టీచర్లు పిల్లల్ని శారీరకంగా శిక్షించకూడదని రాసేశారు. ఆ తర్వాత 2012లో విద్యాశాఖ 40వ నంబర్ ఆర్డర్ ఇచ్చింది, అందులో ఏమేం చెయ్యకూడదో ఒక్కొక్కటీ పేరుపెట్టి రాశారు. చెయ్యి చేసుకోవడం, రాళ్ళ మీదో ఉప్పు మీదో మోకాళ్ళేయించడం, బరువులు మోయిస్తూ నిలబెట్టడం, ఎండలో ఉంచడం, అన్నీ ఉన్నాయి. మోకాళ్ళ కింద పెసలు పోసి కూర్చోబెట్టేవాళ్ళని ఇక్కడి పెద్దవాళ్ళు చెప్తుంటే మన గోడకుర్చీ, తొడపాశం, గుంజీళ్ళు గుర్తొస్తాయి, రెండు దేశాల తాతలూ ఒకే బడికెళ్ళారేమో అన్నట్టుంటుంది. ఆ ఆర్డర్ ప్రకారం ప్రతి స్కూల్లో చైల్డ్ ప్రొటెక్షన్ కమిటీ ఉండాలి, అందులో హెడ్, గైడెన్స్ కౌన్సిలర్, టీచర్ల తరఫున ఒకరు, పేరెంట్స్ తరఫున ఒకరు, స్టూడెంట్స్ తరఫున ఒకరు, ఊరి బరంగే (మన పంచాయతీ లాంటిది) నుంచి ఒకరు. స్టూడెంట్‌కి కూడా సీటు ఇవ్వడం చూడండి, అది చిన్న విషయం కాదు. ఇంకోటి, పిల్లలంటే 18 లోపు వాళ్ళే అని ఆగలేదు, 18 దాటినా స్కూల్లో ఉన్నంతకాలం ఆ రక్షణ వర్తిస్తుందని రాశారు. (ఇంట్లో మాత్రం వేరే కథ, ఇళ్ళలో కూడా పిల్లల్ని కొట్టకూడదని ఇక్కడి పార్లమెంట్, అంటే కాంగ్రెస్, పాస్ చేసిన బిల్లుని 2019 ఫిబ్రవరిలో అప్పటి ప్రెసిడెంట్ డ్యుటెర్టె వీటో చేసేశారు.)

కాగితం మీద ఇంత బాగుంటే మరి గొడవెక్కడ అంటారా. పిసా అని 15 ఏళ్ళ పిల్లలకి దేశాలన్నిటిలో పెట్టే పరీక్ష ఉంది కదా, 2018లో ఫిలిప్పీన్స్ మొదటిసారి అందులో పాల్గొంది, నెలకి కొన్నిసార్లయినా తోటి పిల్లలు మమ్మల్ని ఏడిపిస్తున్నారు అని చెప్పినవాళ్ళు ఇక్కడ 65 శాతం, ఓఈసీడీ దేశాల (ఎక్కువగా ధనిక దేశాలుండే సంఘం) సగటు 23 శాతం. ఆ లిస్టులో ఫిలిప్పీన్సే టాప్. ఇంత ఫ్లాగ్ సెరిమనీ, ఇంత హెయిర్‌కట్, ఇంత "పో" ఉన్నా పిల్లలు పిల్లల్ని పీడిస్తున్నారు. యాంటీ బుల్లీయింగ్ చట్టం కూడా 2013లోనే వచ్చింది, చట్టం లేక కాదు. టీచర్ చూసే చోట జుట్టు సరిగ్గా ఉంటుంది, టీచర్ చూడని చోట, అంటే క్యాంటీన్ వెనకా మెసెంజర్ గ్రూపుల్లోనూ జరిగేది ఎవరికీ పట్టదు. మెట్రో మనీలా పబ్లిక్ స్కూళ్ళలో జనం ఎక్కువై రెండు షిఫ్టులు, కొన్నిచోట్ల మూడు షిఫ్టులు నడుపుతారు, ఒక్కో క్లాసులో నలభై యాభై మంది, ఆ టీచర్‌కి జుట్టు చూడ్డం తేలిక, మనసు చూడ్డానికి టైమ్ ఎక్కడిది.

దానికోసమే గైడెన్స్ కౌన్సిలర్లు ఉండాలి, ఉండరు. 2004లో ఒక చట్టం తెచ్చి కౌన్సిలర్‌కి లైసెన్స్ కావాలి, దానికి మాస్టర్స్ ఉండాలి అన్నారు, ఉద్దేశం మంచిదే, కానీ ఆ చదువుకి తగ్గ జీతం ఇవ్వలేదు, దాంతో వేల పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయాయి, క్లాస్ టీచర్‌నే గైడెన్స్ టీచర్ అని కూర్చోబెట్టారు. 2024 డిసెంబర్‌లో కొత్త చట్టం తెచ్చి డిగ్రీ ఉన్నవాళ్ళని కౌన్సిలర్ అసోసియేట్స్‌గా తీసుకోవచ్చు అన్నారు. ఇరవై ఏళ్ళు పట్టింది ఆ మాటకి. నాకు ఇది తల్చుకుంటే నిజంగా కోపం వస్తుంది, మధ్యలో ఎంతమంది పిల్లలు చెప్పుకోవడానికి మనిషి లేక మింగేసుకుని ఉంటారు.

టీచర్ల వైపు కూడా చూడాలి. 2019 నవంబర్‌లో ఇక్కడ ఒక టీచర్ రిపోర్ట్ కార్డ్ తిరిగి తేలేదని ఒక పిల్లాణ్ణి క్లాస్ బయట కూర్చోబెట్టింది, ఇంట్లోవాళ్ళు జనం కంప్లైంట్లు తీసుకుని పంచాయతీ చేసే రఫీ టుల్ఫో టీవీ ప్రోగ్రామ్‌కి వెళ్ళారు, అందరూ చూస్తుండగా టీచర్‌ని లైసెన్స్ వదులుకుంటావా అనేదాకా తీసుకొచ్చారు. జనం మాత్రం ఎక్కువమంది టీచర్ పక్షాన నిలబడ్డారు. పిల్లాణ్ణి బయట కూర్చోబెట్టడం తప్పే, కానీ దాన్ని తేల్చాల్సింది స్కూల్ కమిటీ, టీవీ ప్రోగ్రామ్ కాదు. దీని పెద్ద రూపం కొరియాలో చూశాం, అక్కడ 2011లో కొట్టడం ఆపేశారు, ఆపడం నూటికి నూరు పాళ్ళు కరెక్ట్, కాకపోతే అల్లరి పిల్లాణ్ణి ఎలా ఆపాలో టీచర్‌కి వేరే దారి చూపించలేదు, పేరెంట్స్ ఫోన్లూ కంప్లైంట్లూ ఒంటరిగా మోయాల్సొచ్చింది. 2023 జూలైలో సియోల్‌లో ఒక చిన్నవయసు టీచర్ స్కూల్లోనే ప్రాణం తీసుకున్నాక వేలకి వేల మంది టీచర్లు వారం వారం రోడ్డు మీదకొచ్చారు, సెప్టెంబర్‌లో చట్టాలు మార్చారు. బెత్తం తీసేసి దాని చోట ఏమీ పెట్టకపోతే భారమంతా టీచర్ నెత్తిన పడుతుంది, ఫిలిప్పీన్స్ కూడా ఆ దారిలోనే ఉందని నా భయం.

సింగపూర్ గురించి మన వాట్సాప్‌లో గొప్పగా చెప్పుకుంటారు, అక్కడ కొడతారు కాబట్టే దేశం బాగుపడింది అని. అసలు రూల్ చదివితే అంత విచ్చలవిడిగా లేదు. అబ్బాయిల్నే, ప్రిన్సిపాల్ లేదా ఆయన అనుమతిచ్చినవాళ్ళే, పలచటి బెత్తంతో అరచేతి మీదో బట్టల మీదుగా పిరుదుల మీదో, అంతే. క్లాసులో టీచర్‌కి కోపం వచ్చి చాచి కొట్టడానికి వీల్లేదు. మన పాతకాలం బడులకంటే వంద రెట్లు నయం, ఒప్పుకుంటా. అయినా నాకు ఒద్దు, ఎందుకంటే అబ్బాయికైతే బెత్తం, అదే తప్పు చేసిన అమ్మాయికి వేరే మార్గం అన్నప్పుడు, ఆ వేరే మార్గమేదో అబ్బాయికీ పనిచేస్తుంది కదా.

జపాన్‌ది ఫిలిప్పీన్స్‌కి బాగా దగ్గర. పిల్లలే క్లాస్‌రూమ్ శుభ్రం చేసుకోవడం, టీచర్ రాగానే లేచి వంగడం, జుట్టు రూల్స్, అన్నీ ఉన్నాయి. పిసాలో క్లాసు ప్రశాంతంగా సాగే దేశాల్లో జపాన్, కొరియా ముందుంటాయి. 1947 నుంచీ చట్టంలో కొట్టడం నిషేధం. కానీ జుట్టు పిచ్చి ఎంత దూరం పోతుందో కూడా అక్కడే చూడాలి, ఒసాకాలో తనది పుట్టుకతోనే బ్రౌన్ జుట్టని చెప్పిన అమ్మాయిని నల్లరంగు వేసుకోమని స్కూల్ వేధిస్తే 2017లో ఆ అమ్మాయి కోర్టుకెళ్ళింది, 2021లో కోర్టు జుట్టు రూల్‌ని తప్పనలేదు గానీ, క్లాసులో ఆమె డెస్కూ పేరూ తీసేసినందుకు 3,30,000 యెన్‌ల పరిహారం ఇప్పించింది. అదే ఒసాకాలో 2012లో బాస్కెట్‌బాల్ టీమ్ కెప్టెన్ ఒకబ్బాయి కోచ్ దెబ్బలు భరించలేక ప్రాణం తీసుకున్నాడు. చట్టం ఉండి అరవై ఏళ్ళు దాటినా స్పోర్ట్స్ పేరు చెప్పి కొడుతూనే ఉన్నారు. అందుకే నాకు జపాన్ రూల్స్ కంటే ఫిలిప్పీన్స్ కమిటీ పద్ధతి మేలనిపిస్తుంది, కమిటీ పనిచేస్తే గనక.

అమెరికా అంటే ఏ డిసిప్లిన్ లేదనుకుంటాం, అదీ నిజం కాదు. టెక్సస్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో చట్టప్రకారం స్కూల్లో ఇప్పటికీ కొట్టొచ్చు, పేరెంట్స్ వద్దని రాసిస్తే తప్ప, పెద్ద సిటీల్లో చాలావరకు మానేశారు. అసలు ఆయుధం సస్పెన్షన్. 2023లో హ్యూస్టన్ దగ్గర ఒక నల్లజాతి కుర్రాణ్ణి జడలు పొడుగున్నాయని నెలల తరబడి క్లాసుకి రానివ్వలేదు. నల్లజాతి పిల్లలు మిగతావాళ్ళకంటే ఎక్కువగా సస్పెండ్ అవుతారని అక్కడి గవర్నమెంట్ లెక్కలే చెప్తాయి. తప్పు చేసిన పిల్లాణ్ణి బయటికి పంపేస్తే క్లాస్ ప్రశాంతంగా ఉంటుంది, వాడు మాత్రం ఇంకా దూరమైపోతాడు. ఈ విషయంలో అమెరికా కంటే ఫిలిప్పీన్స్ చాలా మేలు, ఇక్కడ ముందు పేరెంట్‌ని పిలుస్తారు, గైడెన్స్ ఆఫీసుకి పంపుతారు, కాగితాలు నడుస్తాయి, బయటికి పంపడం ఆఖర్న.

మరి మనం? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షా మానసిక వేధింపూ రెండూ నిషేధం అంటుంది, 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి. మన రెండు రాష్ట్రాల్లో పిల్లల్ని అన్నిటికంటే గట్టిగా బిగించేది ఎప్పుడు? ఇంటర్‌లో, 16, 17 ఏళ్ళకి, ఆ చట్టం దాటిపోయాక. తెల్లారకముందే లేపి స్టడీ అవర్స్, రాత్రి పొద్దుపోయేదాకా మళ్ళీ స్టడీ అవర్స్, వీక్లీ టెస్ట్ మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం, ఫోన్ లేదు, ఔటింగ్ నెలకోసారి. దీన్ని మనం డిసిప్లిన్ అంటున్నాం. ప్రవర్తన గురించి ఒక్క ముక్క ఉండదు అందులో, అంతా ర్యాంకే. ఫిలిప్పీన్స్ స్కూల్ కనీసం పిల్లాడు పక్కవాడితో ఎలా ఉన్నాడో రిపోర్ట్ కార్డులో ఒక గడి పెట్టింది, మన హాస్టల్లో పక్కవాడు పోటీదారుడు. చదువు రాదా అంటే ఇక్కడికంటే బాగా వస్తుంది, 2018 పిసాలో చదవడంలో ఫిలిప్పీన్స్ 79 చోట్లలో ఆఖరు, అది దాచేది కాదు. కానీ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ ఇంటర్ పిల్లల గురించి మనం పేపర్లో చదివే వార్తలు కూడా దాచేవి కాదు. ఈ పోలికలన్నిటిలో నేను అన్నిటికంటే కిందపెట్టేది మనదే, చెప్పడానికి బాధగా ఉన్నా.

కాబట్టి మనీలాకి వస్తున్నవాళ్ళకి నేను చెప్పేది, లోకల్ స్కూల్ స్ట్రిక్ట్ అని భయపడి బోలెడు ఎక్కువ ఫీజు కట్టి ఇంటర్నేషనల్ స్కూల్‌కి పరిగెత్తక్కర్లేదు. ఒక క్యాథలిక్ స్కూలో ఇంకో ప్రైవేట్ స్కూలో చూడండి, హెయిర్‌కట్ గురించి గొడవపడకండి, నెలకోసారి కటింగ్ చేయిస్తే సరిపోతుంది. అడ్మిషన్ రోజు స్టూడెంట్ హ్యాండ్‌బుక్ తీసుకుని తప్పులూ శిక్షలూ ఉన్న పేజీలు చదవండి, బుల్లీయింగ్‌ని జుట్టు కంటే పెద్ద తప్పుగా రాశారో లేదో చూడండి. గైడెన్స్ ఆఫీసులో లైసెన్స్ ఉన్న కౌన్సిలర్ ఫుల్‌టైమ్ ఉన్నారా, ఎంతమంది పిల్లలకి ఒకరు అని అడగండి, చైల్డ్ ప్రొటెక్షన్ కమిటీలో స్టూడెంట్ ఎవరు, పేరెంట్ ఎవరు అని కూడా అడగండి, తడుముకుంటే పక్క స్కూల్ చూసుకోండి. ఆ పేరెంట్‌ని ఎంచేది పీటీఏ, మన ఇండియన్ పేరెంట్స్ చాలామంది ఆ మీటింగులకి వెళ్ళరు, భాష రాదనో ఆఫీసుందనో. ఇంగ్లీష్‌లోనే చాలావరకు మాట్లాడతారు, మొదటి మీటింగ్‌కే వెళ్ళండి.